ఫీజు కట్టాం సరే, చదువు వచ్చిందా?

నెల జీతం చేతికి అందగానే మనవాళ్లు మొదట చేసే పని ఎక్స్ఛేంజీకి వెళ్లడం. క్యాంపులో తిండికి, ఫోన్ కార్డుకు కొంత మిగుల్చుకుని తక్కినదంతా ఇంటికి పంపడం. ఆ డబ్బు ఊళ్లో మూడు దారులు పడుతుంది. వీసాకు తెచ్చిన అప్పు మిత్తికి కొంత, ఇంటి ఖర్చుకు కొంత, పిల్లల చదువుకు కొంత. మొదటి రెండింటికీ లెక్క గట్టిగా ఉంటుంది. అసలు ఎంత తీరింది, ఇంకా ఎంత ఉంది, బియ్యానికి ఎంత, మందులకు ఎంత అని ప్రతి వారం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. మూడోదానికి మాత్రం లెక్క ఫీజు రసీదు దగ్గరే ఆగిపోతుంది. "పిల్లలు ఎట్లా చదువుతున్నారు?" అని అడుగుతాం. "బాగనే చదువుతున్నరు" అని జవాబు వస్తుంది. అక్కడితో ఆ మాట ముగుస్తుంది.

ఆ "బాగనే" అనే మాట వెనుక ఏముందో ఒకసారి తెరిచి చూడాల్సిన అవసరం ఉందని మేం అనుకుంటున్నాం. ముఖ్యంగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్న పిల్లల విషయంలో. ఎందుకంటే దేశవ్యాప్తంగా పిల్లల చదువును, లెక్కలను ఒకే కొలతతో కొలిచే పరీక్షలు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒక్కటే. పిల్లలు తరగతులు దాటుతున్నారు, చదువు మాత్రం వెనుక ఉండిపోతోంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ నుంచి సౌదీకి, దుబాయికి, ఖతార్‌కు పోయిన తండ్రులకు ఇది మిగతావారికంటే పెద్ద సంగతి. రాయచోటి, రాజంపేట, కోనసీమ పల్లెల నుంచి కువైట్‌లో ఇంటిపనులకు వెళ్లిన తల్లులకు ఇంకా పెద్ద సంగతి. ఇంటిల్లిపాదినీ తెచ్చుకునే వీలు మనలో చాలామందికి లేదు. యూఏఈలో కుటుంబానికి వీసా తీయాలంటే నెలకు 4 వేల దిర్హాముల జీతం, లేదా 3 వేలతో పాటు వసతి ఉండాలి. మేస్త్రీకి, హెల్పర్‌కు, క్లీనర్‌కు అది అందని మాట. కాబట్టి పిల్లలు ఊళ్లోనే ఉంటారు, తల్లి దగ్గరో, అమ్మమ్మ నాయనమ్మల దగ్గరో పెరుగుతారు. పక్కన కూర్చుని పుస్తకం తెరిపించే అవకాశం మనకు లేదు. అందుకే చదువు వస్తోందో లేదో తెలుసుకునే మరో దారి మనకు కావాలి.

కొలత ఏం చెబుతోంది?

'అసర్' అనే సర్వే పేరు మనవాళ్లలో కొందరైనా వినే ఉంటారు. హిందీ, ఉర్దూ తెలిసినవారికి ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. ప్రభావం అని. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి దీన్ని నడుపుతోంది. దీనిలో మంచి సంగతి ఏమిటంటే వాళ్లు బడికి వెళ్లరు, ఇంటికి వస్తారు. సర్కారు బడి పిల్లలైనా, ప్రైవేటు బడి పిల్లలైనా, బడి మానేసినవారైనా వాకిట్లో కూర్చోబెట్టి ఒకే కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ ఉంటాయి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. అంతకు మించి ఏమీ లేదు. చదివేది పిల్లలు తమకు తెలిసిన భాషలోనే.

ఈ చిన్న కొలతలోనే ఎనిమిదో తరగతి పిల్లలు ఎట్లా నిలిచారో చూడండి. దేశం మొత్తం మీద పల్లెటూళ్లలో రెండో తరగతి కథను చదవగలిగిన ఎనిమిదో తరగతి పిల్లలు 2018లో 72.8 శాతం. కరోనా తర్వాత 2022లో అది 69.6 శాతానికి పడింది. అంటే ప్రతి పది మందిలో ముగ్గురు, ఎనిమిదేళ్లు బడికి పోయి కూడా, రెండో తరగతి కథ గడగడా చదవలేకపోయారు. 2024 సర్వేలో కొంచెం కోలుకున్న జాడ కనిపించింది. సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి వారిలో చదవగలిగినవారు 2022లో 66.2 శాతం ఉంటే, 2024లో 67.5 శాతం అయ్యారు. కోలుకున్నా ఇంత మాత్రమే.

లెక్కల సంగతి మరీ కష్టం. భాగాహారం చేయగలిగిన ఎనిమిదో తరగతి పిల్లలు 2018లో 44.1 శాతం, 2022లో 44.7 శాతం, 2024లో 45.8 శాతం. సగం మంది కూడా లేరు. కరోనాకు ముందూ అంతే, తర్వాతా అంతే. కాబట్టి దీన్ని కరోనా నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవడానికి లేదు.

ఈ 2024 సర్వే చిన్నదేమీ కాదు. 605 జిల్లాల్లో 17,997 ఊళ్లు తిరిగి, 3 నుంచి 16 ఏళ్ల లోపు 6,49,491 మంది పిల్లల వివరాలు తీసుకున్నారు. ఇక బడి గదుల్లో కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష వేరే ఉంది. 2024 డిసెంబరు 4న 'పరఖ్' పేరుతో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలకు దేశమంతటా ఒకేరోజు నిర్వహించారు. 21 లక్షలకు పైగా పిల్లలు రాశారు. లెక్కల్లో మూడో తరగతి సగటు 60 శాతం, ఆరో తరగతి సగటు 46 శాతం, తొమ్మిదో తరగతి సగటు 37 శాతం. భాషలో 64, 57, 54. ఒక్కో తరగతికి ఒక్కో ప్రశ్నపత్రం కనుక వీటిని పక్కపక్కన పెట్టి తూకం వేయడం పూర్తిగా న్యాయం కాదు. అయినా మెట్టు ఎక్కుతున్నకొద్దీ అంకె దిగుతున్న తీరు కళ్లకు కడుతూనే ఉంది. ఒకటి ఇంటి దగ్గర పెట్టిన పరీక్ష, మరొకటి బడిలో పెట్టిన పరీక్ష. రెండూ వేలు చూపిస్తున్నది ఒకే చోటును, మధ్య తరగతులను.

జారిపోయేది ఇక్కడే

ఐదో తరగతి దాకా పుస్తకం సన్నగా ఉంటుంది, పాఠం చిన్నగా ఉంటుంది. పిల్లవాడు పక్కవాడిని చూసి రాసినా, పాఠాన్ని బట్టీ పట్టినా నడిచిపోతుంది. ఆరో తరగతికి రాగానే సామాన్యశాస్త్రం వేరు, సాంఘికం వేరు, సబ్జెక్టుకో సారు వస్తారు. అప్పటిదాకా చదవడం నేర్చుకున్న పిల్లలు ఇకమీదట చదివి నేర్చుకోవాలి. చదవడమే రానివారికి అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే మూసుకుపోతాయి. లెక్కల్లోనూ అంతే. భాగాహారం రానివారికి భిన్నాలు అర్థం కావు. భిన్నాలు రానివారికి శాతాలు, నిష్పత్తులు, బీజగణితం ఏవీ అంతుపట్టవు. అప్పుకు వడ్డీ, వడ్డీకి చక్రవడ్డీ పడినట్టు ఈ బాకీ కూడా ఏటేటా పెరుగుతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఆర్థికవేత్త కార్తిక్ మురళీధరన్, ఆయన సహచరులు ఢిల్లీలో సర్కారు బడుల పిల్లలను పరీక్షించినప్పుడు, ఆరో తరగతిలో ఉన్నవారు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నట్టు తేలింది. తరగతి పెరిగేకొద్దీ ఆ దూరం ఇంకా పెరిగింది. 2019లో ఈ పరిశోధన అచ్చయింది. సారు నల్లబల్ల మీద ఆరో తరగతి లెక్క చెబుతుంటే, బల్ల మీద కూర్చున్న పిల్లవాడు మూడో తరగతి లెక్క దగ్గర ఆగిపోయి ఉన్నాడన్నమాట. సారు సిలబస్ పూర్తి చేయాలి, పిల్లవాడు నోరు తెరిచి "నాకు రాదు" అనలేడు. ఇద్దరి మధ్యా సంవత్సరం గడిచిపోతుంది.

మరో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 2025-26 విద్యా సంవత్సరంలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్న పిల్లలు 2020-21లో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు. అక్షరాలు దిద్దాల్సిన ఏడాది, కూడికలు తీసివేతలు పట్టుబడాల్సిన ఏడాది వాళ్లకు బడి సరిగ్గా నడవలేదు. అదే ఏడాది గల్ఫ్‌లో మనవాళ్లు ఎందరో పని పోగొట్టుకుని, వందే భారత్ విమానాల్లో తిరుగుముఖం పట్టారు. ఇంట్లో జీతం లేదు, పిల్లల చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు. బడులు తెరిచాక ఆ పిల్లలను పై తరగతుల్లో కూర్చోబెట్టారు తప్ప, జారిపోయిన రెండేళ్ల చదువును వెనక్కి తెచ్చి ఇచ్చే పని అన్నిచోట్లా జరగలేదు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' లక్ష్యం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు చదవడం, లెక్కించడం రావాలని. తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' ఐదో తరగతి లోపు పిల్లలది. మంచి పథకాలే, కాదనం. అయితే ఆ మెట్లు కట్టేసరికే కొందరు పిల్లలు వాటిని దాటి వెళ్లిపోయారు. ఇప్పుడు మధ్య తరగతుల్లో చిక్కుకుపోయినవారిలో వాళ్లూ ఉన్నారు.

ప్రైవేటు బడి అయితే సరిపోతుందా?

గల్ఫ్ డబ్బు వచ్చే ఇళ్లలో మొదట మారేది ఇంటి పైకప్పు, తర్వాత పిల్లల బడి. పసుపు రంగు బస్సు, మెడలో టై, కాళ్లకు బూట్లు చూస్తే కడుపు నిండిపోతుంది. ఎడారి ఎండలో పడిన కష్టానికి ఫలితం దక్కిందనిపిస్తుంది. ఆ సంతోషాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. మంచి ప్రైవేటు బడులు ఉన్నాయి, మంచి సర్కారు బడులూ ఉన్నాయి. అయితే బడి మారితే చదువు దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం ఒకసారి తరచి చూడాలి.

ఈ విషయంపై ప్రపంచమంతా ప్రస్తావించే ఒక పరిశోధన మన తెలుగు పల్లెల్లోనే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్ల పాటు, ఐదు జిల్లాల్లోని 180 ఊళ్లలో సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చేరేందుకు ఫీజు వోచర్లు ఇచ్చారు. అడిగినవారందరికీ ఇవ్వలేదు, లాటరీ తీశారు. లాటరీ తగిలినవారినీ, తగలనివారినీ రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత మరోసారి పరీక్షించారు. తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పనే చెప్పరు. ప్రైవేటు బడుల వారు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి, తక్కువ ఖర్చుతో అదే ఫలితం తెచ్చారన్నది వారి గొప్పే. కానీ ఫీజు కట్టే తండ్రికి తెలియాల్సిన మాట వేరు. తెలుగు చదవడంలోనూ లెక్కల్లోనూ కేవలం బడి మార్పు వల్ల అదనంగా వచ్చిందేమీ లేదు. ఆ పరీక్ష చిన్న తరగతుల పిల్లలతో చేసింది. ఆ చిన్న తరగతుల చదువే మధ్య తరగతులకు పునాది అన్నది మరువరాదు.

ఇంగ్లిష్ మీడియం మాట కూడా చెప్పుకోవాలి. గల్ఫ్‌లో ఇంగ్లిష్ రాక మనం పడిన అవమానాలు మనకు తెలుసు. సూపర్‌వైజర్ చెప్పింది అర్థం కాక, కాగితంలో ఏముందో తెలియక తలవంచుకున్న రోజులు ఎవరూ మరిచిపోరు. కాబట్టి పిల్లలకు ఇంగ్లిష్ రావాలనుకోవడం సహజం, న్యాయం. తెలంగాణ సర్కారు బడుల్లో కూడా 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అయితే 14 నుంచి 18 ఏళ్ల పిల్లలపై 2023లో 'అసర్' చేసిన సర్వేలో ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతమే. వారిలోనూ దాదాపు నాలుగో వంతు మంది తాము చదివిన వాక్యానికి అర్థం చెప్పలేకపోయారు. గడగడా చదివితే వచ్చినట్టు కాదు. చదివినదాన్ని తెలుగులో చెప్పగలిగితేనే వచ్చినట్టు.

ఫోన్‌లోనే పది నిమిషాల పరీక్ష

ప్రోగ్రెస్ కార్డు మీద మార్కులు వేసేది ఆ బడివారే. తమ బడి పిల్లలకు తక్కువ మార్కులు వేసుకునే బడి ఎక్కడా ఉండదు. అందుకని కొలత మన చేతిలోనే ఉండాలి. అదేమంత కష్టమైన పని కాదు. జుమ్మా రోజు సెలవులో ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు పది నిమిషాలు చాలు.

మొదట, పిల్లలకు రెండో తరగతి తెలుగు వాచకం తెరవమని చెప్పండి. మీ ఇంట్లో లేకపోతే పక్కింటి చిన్నపిల్లల దగ్గర దొరుకుతుంది. ఇంతకుముందు చదవని పేజీ ఒకటి పైకి చదవమనండి. మీరు చదువుకోకపోయినా పర్వాలేదు. వినండి చాలు. మాట మాటకూ ఆగుతున్నారా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారా, లేక మనం మాట్లాడుకున్నట్టు సాఫీగా సాగుతోందా అన్నది చెవికే తెలిసిపోతుంది. తర్వాత పుస్తకం మూసి, కథ ఏమిటో చెప్పమనండి.

రెండోది లెక్క. 64 లోంచి 37 తీసేస్తే ఎంత? 27 రావాలి. 879ని 6తో భాగిస్తే ఎంత? 146 వచ్చి, 3 మిగలాలి. కాగితం మీద చేసి చూపించమనండి, ఫోన్‌లోని కాలిక్యులేటర్ ముట్టనివ్వకండి. ఇవి వస్తే మన ఇంటి లెక్కే అడగండి. "నాయన జీతం 1,200 రియాళ్లు. 850 ఇంటికి పంపితే నా దగ్గర మిగిలేది ఎంత? రియాలు 23 రూపాయలనుకుంటే మీకు అందేది ఎంత?" మొదటిదానికి 350, రెండోదానికి 19,550. ఇంకొకటి. "లక్ష రూపాయల అప్పు నూటికి నెలకు 2 రూపాయల మిత్తికి తెస్తే ఏడాదికి మిత్తి ఎంత?" 24 వేలు. ఆరో తరగతి దాటినవారికి ఇవి రావాలి.

రాకపోతే? అప్పుడే అసలు పని మొదలవుతుంది. ముందుగా, కోప్పడవద్దు. ఫోన్‌లో తిడితే పిల్లలు మరుసటి వారం ఫోన్ దగ్గరికే రారు. "ఇంత కష్టపడి పంపుతుంటే నీకు ఇది కూడా రాదా" అన్న మాట పసి మనసును ఎంత కోస్తుందో దూరాన ఉన్నవారికి కనబడదు. పరీక్షలో తప్పింది పిల్లవాడు కాదు, అతనికి రాకుండానే తరగతి దాటించిన పెద్దలు. ఆ మాట పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పండి.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. ట్యూషన్ పెట్టిస్తున్నారా, అయితే ఆ ట్యూషన్‌లో ఏం చెబుతున్నారో అడగండి. బడిలో ఇచ్చిన హోంవర్క్‌నే అక్కడా రాయిస్తుంటే ఆ డబ్బు వృథా. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచి, అది రెండో తరగతి లెక్కయినా సరే, మొదలుపెట్టమని చెప్పాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి తీసివేతలు నేర్పడం నామోషీ కాదు. రోజుకు ఒక పేజీ నాయనమ్మకు చదివి వినిపించమనండి. ఆమెకు అక్షరం రాకపోయినా కథ వింటుంది. చదివేవారికి వినేవారు ఉండటమే పెద్ద ఆసరా. ప్రతి శుక్రవారం ఫోన్‌లో మీరు కూడా ఒక పేజీ వినండి. మూడు నెలల్లో తేడా మీ చెవికే తెలుస్తుంది.

సర్కార్లు చేయాల్సింది

ఇదంతా తల్లిదండ్రుల నెత్తిన వేసి పాలకులను వదిలేయడం మా ఉద్దేశం కాదు. చదువు చెప్పాల్సింది బడి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ల దాకా చదువు పిల్లల హక్కు అయింది. ఎనిమిదో తరగతి దాకా నపాసు చేయరాదని ఆ చట్టమే చెప్పింది. 2019లో దాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడుల్లో దాన్ని అమల్లోకి తెచ్చింది. నపాసు చేస్తే చదువు వస్తుందని వాదించేవారు మనలోనూ చాలామంది ఉన్నారు. మేం ఆ మాటతో ఏకీభవించలేం. రాని పాఠాన్ని అదే సారు, అదే పద్ధతిలో రెండోసారి చెబితే వస్తుందన్న పూచీ ఏమిటి? నపాసైన పేద పిల్లవాడు మళ్లీ అదే తరగతిలో కూర్చోడు. పనికి పోతాడు. నాలుగేళ్లు ఆగి పాస్‌పోర్టు తీయించుకుంటాడు.

పాసు చేయడం, నపాసు చేయడం రెండూ సులువే. నేర్పడమే కష్టం. ఆ కష్టమైన దారి ఏదో కూడా తెలియంది కాదు. పిల్లలను తరగతి ప్రకారం కాక, వారికి వచ్చినదాని ప్రకారం గుంపులు చేసి, రోజుకు ఒక గంట చదవడం, లెక్కలు నేర్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో నడిపింది. 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజీత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వంటి ఆర్థికవేత్తలు దాన్ని పరీక్షించి, ఫలితం ఉందని చూపారు. హర్యానాలో బడివేళల్లోనే ఒక గంటను దీనికి కేటాయించినప్పుడు చదవడంలో పిల్లలు ముందుకు వచ్చారు. ఉత్తరప్రదేశ్‌లో 50 రోజుల శిబిరాలతోనే పెద్ద మార్పు కనిపించింది. అవి మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలతో చేసినవి. ఢిల్లీలో మధ్య తరగతుల పిల్లలకు కంప్యూటర్‌పై వారి స్థాయి పాఠాలు చెప్పినప్పుడు కూడా, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ మెరుగయ్యారు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం కోరేది మూడే మూడు పనులు. బడి తెరిచిన నెలలోపే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ప్రతి పిల్లవాడికీ చదవడంలో, లెక్కల్లో స్థాయి పరీక్ష పెట్టాలి. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న భేదం ఉండరాదు. ఆ ఫలితాన్ని గ్రేడుగా కాక, "మీ అబ్బాయి రెండో తరగతి కథ చదవగలడు, భాగాహారం చేయలేడు" అని మామూలు తెలుగులో ఇంటికి చెప్పాలి, విదేశాల్లో ఉన్న తల్లిదండ్రుల ఫోన్‌కు కూడా పంపాలి. రెండోది, వెనుకబడిన వారికి రోజూ ఒక గంటను టైంటేబుల్‌లోనే పెట్టాలి. సిలబస్ వెనుకబడిందని సారును ప్రశ్నించరాదు. మూడోది, ఏడాది చివర ఆ బడితో సంబంధం లేనివారు వచ్చి కొందరు పిల్లలను మళ్లీ పరీక్షించాలి. ఎవరి పేపర్లు వాళ్లే దిద్దుకుని తామే శభాష్ అనుకుంటే లాభం లేదు.

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కోసం ఇచ్చిన ఉత్తర్వుల్లో, మరణించిన వారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయంతో పాటు, పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం మాట కూడా ఉంది. స్వాగతించాల్సిన విషయం. సీటుతో పాటు, ఆ పిల్లలకు రాని చదువును మొదటినుంచి నేర్పే గంట కూడా ఇస్తేనే ఆ సాయం నిండుగా ఉంటుంది.

ఊళ్లో ఉన్న మన ఇంటివారికి కూడా చట్టం ఒక కుర్చీ ఇచ్చింది. సర్కారు బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. పిల్లలను పెంచుతున్న అమ్మమ్మకు కూడా అక్కడ కూర్చునే హక్కు ఉంది. మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం గురించి అడుగుతున్నట్టే, "ఆరో తరగతిలో ఎంతమందికి చదవడం వచ్చింది?" అని కూడా ఆ సమావేశంలో అడగాలి. ఒకరు అడిగితే సారు నవ్వి ఊరుకోవచ్చు. పదిమంది అడిగితే లెక్క తీయక తప్పదు. ప్రైవేటు బడిలోనైతే ఫీజు కట్టే రోజున అడగండి. ఫీజు తీసుకునే చేతికి జవాబు చెప్పే బాధ్యత కూడా ఉంటుంది.

మనలో చాలామంది గల్ఫ్‌కు వచ్చేటప్పుడు ఏజెంట్ చూపించిన చోటల్లా సంతకం పెట్టాం. కాగితంలో జీతం ఎంత రాశారో, పని ఏమిటో, గడువు ఎంతో చదువుకోలేదు. కొందరికి చదవడం రాక, కొందరికి భాష రాక. ఆ ఒక్క సంతకానికి ఎన్నేళ్ల చాకిరీ చెల్లించామో ఎవరికి వారికి తెలుసు. మన పిల్లలు రేపు ఏ ఊళ్లో ఏ పని చేసినా, ముందున్న కాగితాన్ని తాము చదివి, మిత్తి లెక్క తాము వేసుకుని సంతకం పెట్టాలి. అందుకు డిగ్రీ కూడా అక్కర్లేదు. రెండో తరగతి కథ సాఫీగా చదివే కన్ను, మూడంకెల భాగాహారం చేసే చెయ్యి ఉంటే ఆ దారి తెరుచుకుంటుంది. ఎనిమిదో తరగతి దాటేలోపే అవి వచ్చాయో లేదో చూసుకోవడం మన వంతు, రాకపోతే నేర్పించడం బడి వంతు. వచ్చే శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఫీజు కట్టారా అని అడిగాక, పుస్తకం తెమ్మనండి.